కొమ్ము, కర్ర, నరం: ఆసియా విల్లు రూపం మారుతూ వచ్చిన తీరు

మ్యూజియంలో అద్దం వెనుక నారి తీసి ఉంచిన పాత తురుష్క విల్లును చూసిన చాలామందికి దీన్ని తిరగేసి పెట్టారేమో అన్న అనుమానం వస్తుంది. విలుకాడి వైపు వంగి ఉండాలని మనం అనుకునే రెండు కొనలూ లక్ష్యం వైపు ముందుకు చుట్టుకుని, దాదాపు ఒకదానినొకటి తాకబోతున్నట్టు కనిపిస్తాయి. అందులో పొరపాటేమీ లేదు. ఆ విల్లు విశ్రాంతిలో ఉండే తీరే అది. నారి తగిలించాలంటే దానిని పూర్తిగా ఎదురు దిక్కుకు వంచి తేవాలి. తెలుగులో నారి తగిలించడాన్ని ఎక్కుపెట్టడమనీ, దింపడాన్ని ఎక్కుడించడమనీ అన్నారంటే, పని లేనప్పుడు వింటి నారిని దింపి ఉంచడం ఒకప్పుడు ఎంత మామూలు సంగతో ఊహించవచ్చు. ఇప్పుడు మొదటి మాటను గురిపెట్టడం అన్న అర్థంలో వాడేస్తున్నాం. రెండో మాట నిఘంటువులోనే మిగిలింది.

చారిత్రక చిత్రాలలో కనిపించేవీ, ఆన్‌లైన్‌లో ‘మంగోల్ విల్లు’, ‘హూణ విల్లు’ అన్న పేర్లతో అమ్ముడయ్యేవీ చూస్తే ఈ విళ్లన్నీ ఒకటేనా, వేర్వేరా, వాటిలో ఏది పాతది, ఏది మేలైనది అన్న ప్రశ్నలు సహజంగానే తలెత్తుతాయి. వీటికి సమాధానం వెతికేటప్పుడు ఒక విషయాన్ని ముందుగా పట్టుకుంటే చిక్కు చాలావరకు విడిపోతుంది. ఈ వింటిలో వాడే పదార్థాలు మూడు వేల ఏళ్లకు పూర్వమే కుదురుకున్నాయి. ఆ తరువాత ఈజిప్టు నుంచి కొరియా దాకా మారుతూ వచ్చింది ప్రధానంగా ఆకారం, అందులోనూ ముఖ్యంగా కొనలు.

## ఒంటిచెక్క విల్లు, పొరల విల్లు, కూర్పు విల్లు

ఒకే కర్రను చెక్కి చేసినది ఒంటిచెక్క విల్లు. మన అడవులలోని వెదురు విల్లూ, ఇంగ్లండులో యూ చెట్టు కర్రతో చేసిన పొడవాటి విల్లూ ఈ కోవలోకే వస్తాయి. వేర్వేరు చెక్కలనో, చెక్కనూ వెదురునో పొరలుగా అతికిస్తే అది పొరల విల్లు. జపానువారి యుమి దీనికి మంచి ఉదాహరణ. రెండు మీటర్లకు పైగా పొడవుండే ఆ వింటిలో చెక్కా వెదురూ తప్ప కొమ్ము గానీ నరం గానీ ఉండవు.

ఇంగ్లిషులో కాంపోజిట్ బో అని పిలిచే దానిని ఈ వ్యాసంలో కూర్పు విల్లు అంటాను. దీని మధ్యలో పలుచని కర్ర ఉంటుంది. విలుకాడి ముఖం వైపు, అంటే లోపలి వైపు, కొమ్ము పలకలను అతికిస్తారు. లక్ష్యం వైపు ఉండే బయటి ముఖం మీద, అంటే వింటి వీపు మీద, స్నాయువును పరుస్తారు. కండరాన్ని ఎముకతో కలిపే గట్టి తంతువులనే స్నాయువు అంటారు, మాంసం కొట్టువాళ్ల భాషలో అది నరం. ఈ మూడింటినీ కలిపి ఉంచేది జంతువుల తోలు నుంచో, చేప గాలితిత్తి నుంచో తీసిన జిగురు. పిడికి అటూ ఇటూ వంగే భాగాలను బద్దలనీ, చివర నారి తగిలే భాగాలను కొనలనీ పిలుద్దాం. అమరకోశంలో నడిమి పట్టుకు లస్తకమనీ, కొనకు అటని అనీ విడిగా పేర్లున్నాయి గానీ, అవి నేటి పాఠకుడికి అడ్డమే తప్ప సాయం కావు.

## వంగినప్పుడు బద్దలో జరిగేది

లారీ కింద ఉండే కమాను కట్టను చూసినవారికి ఈ సంగతి కొంత తెలిసే ఉంటుంది. అన్నట్టు, పారశీకంలో కమాన్ అంటే విల్లు. హైదరాబాదులోని చార్‌కమాన్ తోరణాలకూ, బండి స్ప్రింగుకూ ఆ పేరు వింటి వంపు నుంచే వచ్చింది. ఏ బద్దనైనా వంచితే దాని బయటి ముఖం సాగుతుంది, లోపలి ముఖం నొక్కుకుపోతుంది, నడుమ ఒక గీత మాత్రం సాగకుండా, నలగకుండా ఉంటుంది. విరిగే ప్రమాదమంతా ఆ రెండు ముఖాల మీదే ఉంటుంది.

ఒక లెక్క వేసి చూద్దాం. 3 సెంటీమీటర్ల మందమున్న బద్దను 150 సెంటీమీటర్ల వ్యాసార్ధం గల వృత్తంలో భాగంగా కనిపించేలా వంచామనుకుందాం. నడిమి గీత నుంచి ముఖం 1.5 సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది. దానిని 150తో భాగిస్తే నూటికి ఒక వంతు, అంటే బయటి ముఖం తన పొడవులో 1 శాతం సాగుతుంది. మంచి వింటి కర్ర సురక్షితంగా ఓర్చుకోగలిగింది కూడా సుమారుగా అంతే. అందుకే ఒంటిచెక్క విల్లును బాగా వెనక్కు లాగాలంటే దానిని మనిషెత్తు పొడవు చేయవలసి వస్తుంది. పొడవు పెరిగితే వంపు మెల్లగా తిరుగుతుంది, ముఖం మీద ఒత్తిడి తగ్గుతుంది.

ఇప్పుడు 2 సెంటీమీటర్ల మందమున్న పొట్టి బద్దను 40 సెంటీమీటర్ల వ్యాసార్ధానికి వంచుదాం. 1ని 40తో భాగిస్తే 2.5 శాతం. కర్ర అయితే ఫటాలున విరుగుతుంది. గేదె కొమ్ము మాత్రం సుమారు 4 శాతం దాకా నొక్కుకుపోయి తిరిగి యథాస్థితికి వస్తుంది. స్నాయువు అంతకంటే ఎక్కువ సాగి వెనక్కు వస్తుంది. నొక్కుడును ఓర్చే కొమ్ము లోపల, సాగుడును ఓర్చే నరం బయట, ఆ రెండింటినీ తగిన దూరంలో పట్టి ఉంచే కర్ర నడుమ. కూర్పు విల్లులోని తెలివి అంతా ఈ అమరికలోనే ఉంది. మీటరుకు కాస్త ఎక్కువ పొడవున్న తురుష్క విల్లును దాని కంటే ఎంతో పొడవైన కర్ర విల్లును లాగినంత దూరమూ లాగగలగడానికి కారణం ఇదే.

## ఏడాది పట్టే పని

చైనాలో యుద్ధరాజ్యాల కాలానిదిగా (క్రీ.పూ. 5–3 శతాబ్దాలు) భావించే ‘కావోగోంగ్‌జి’ అనే వృత్తుల గ్రంథం వింటి తయారీకి ఆరు పదార్థాలు చెబుతుంది. బాణం దూరం పోవడానికి కర్ర, వేగంగా పోవడానికి కొమ్ము, లోతుగా దిగడానికి నరం, అన్నిటినీ కలపడానికి జిగురు, బిగువుకు పట్టు, మంచుకూ తేమకూ తట్టుకోవడానికి లక్క పూత. కర్రను చలికాలంలో చీల్చాలనీ, కొమ్మును వసంతంలో నానబెట్టాలనీ, నరాన్ని వేసవిలో సిద్ధం చేయాలనీ, మూడింటినీ శరత్తులో కలపాలనీ కూడా అందులో ఉంది. ఇది ఆచారం కోసం చెప్పిన పంచాంగం అనిపించవచ్చు గానీ, జిగురుతో పనిచేసేవారికి దీనిలోని లౌకిక జ్ఞానం వెంటనే అర్థమవుతుంది. తేమ ఎక్కువైతే అతుకు ఆరదు, వేడి ఎక్కువైతే త్వరగా ఆరి బీటలు వారుతుంది.

అతికించడానికి ముందు కొమ్ము పలక మీదా, కర్ర మీదా పళ్లున్న గీకుడు ఉలితో పొడవునా సన్నని గాళ్లు తీస్తారు. ఒకదాని మిట్ట మరొకదాని పల్లంలో కూర్చోవడం వల్ల జిగురు పట్టే వైశాల్యం పెరుగుతుంది. ఎండిన స్నాయువును చెక్క సుత్తితో పీచు విడిపోయేదాకా కొట్టి, దువ్వి, వెచ్చని జిగురులో ముంచి, తడి జుట్టు పాయల్లా వింటి వీపు మీద పొడవునా పరుస్తారు. ఒక పొర ఆరాక మరొకటి వేస్తారు. నరం ఆరుతున్నకొద్దీ కుంచించుకుపోయి వింటిని ముందుకు లాగుతుంది. మొదట చెప్పిన తిరగేసిన వంపు కొంత తయారీలో ఇచ్చినది, మిగిలింది ఈ కుంచించుకోవడం వల్ల వచ్చినది. ఆరడానికే నెలలు పడుతుంది కనుక, మొదటి కర్ర చీల్చిన నాటి నుంచి విల్లు చేతికి వచ్చేసరికి ఏడాది, ఒక్కోసారి అంతకు మించి గడిచేది.

పదార్థాలన్నీ చేసేవారి ఊళ్లో దొరికేవని అనుకోవడానికి వీల్లేదు. కొరియా జోసోన్ రాజ్యం తన పేరెన్నికగన్న కొమ్ము విల్లుకు కావలసిన నీటిగేదె కొమ్మును దక్షిణాది వెచ్చని దేశాల నుంచి, ఎక్కువగా చైనా మీదుగా తెప్పించుకోవలసి వచ్చేది. తమ దేశానికి గుర్తుగా భావించే ఆయుధంలోని కీలక పదార్థం తమ నేల మీద దొరకకపోవడం ఆ రాజ్యానికి చాలాకాలం తలనొప్పిగానే ఉండింది.

## ఎక్కడ పుట్టిందన్న వివాదం

ఈ ప్రశ్నకు సూటి జవాబు లేకపోవడానికి మూలం పదార్థాలలోనే ఉంది. కర్ర, కొమ్ము, నరం, జిగురు అన్నీ మట్టిలో కలిసిపోయేవే. పొడి ఎడారిలోనో, మూసిన సమాధిలోనో తప్ప నిలవవు. 1922లో తెరిచిన ఈజిప్టు రాజు టుటన్‌ఖామున్ సమాధిలో పదుల సంఖ్యలో కూర్పు విళ్లు దొరికాయి. క్రీ.పూ. 14వ శతాబ్దం నాటి ఆ విళ్లు ఎక్కుపెట్టినప్పుడు పిడి దగ్గర కోణంగా వంగి, త్రిభుజంలా కనిపిస్తాయి. అప్పటికే ఈ విద్య పండిపోయిందని వాటి నాణ్యతే చెబుతుంది.

అంతకు ముందు కాలానికి వెళితే బొమ్మల మీద ఆధారపడాలి. ఇప్పుడు పారిస్ లూవ్ర్ మ్యూజియంలో ఉన్న, మెసొపొటేమియాలోని అక్కద్ రాజు నరాంసిన్ విజయశిలలో, అంటే క్రీ.పూ. 23వ శతాబ్దంలో, రాజు చేతిలో వంపులు తిరిగిన పొట్టి విల్లు ఉంది. అది కూర్పు విల్లేనని ఒక వర్గం పండితులు వాదించారు. కర్రను ఆవిరి పట్టి కూడా అలాంటి వంపు తేవచ్చు కనుక ఆకారాన్ని బట్టి పదార్థాన్ని తేల్చలేమని మరొక వర్గం అంటుంది. ఉత్తరాన బైకాల్ సరస్సు ప్రాంతపు నవశిలాయుగ సమాధులలో వింటికి బిగించినట్టు కనిపించే కొమ్ము పలకలు దొరికాయి. వీటిని బట్టి పుట్టిల్లు స్టెప్పీ అనే మధ్యాసియా గడ్డి మైదానాలకు ఉత్తరాన ఉందనేవారున్నారు. అయితే, బద్దకు బలమిచ్చే పలక వేరు, నొక్కుడును మోసే కొమ్ము పొర వేరు. ఈ రెండింటినీ ఒకటిగా చూడడమే ఈ వాదంలోని బలహీనత అని నాకు అనిపిస్తుంది. ఒకే చోట ఒకేసారి పుట్టి ఉండకపోవచ్చు, కర్ర వీపు మీద నరం అంటించడం ముందూ, లోపల కొమ్ము చేర్చడం తరువాతా జరిగి ఉండవచ్చు అన్నది ఈ రెండు పక్షాలకూ నడుమ ఉన్న అభిప్రాయం.

## శకుల మెత్తని కొన, హూణుల గట్టి కొన

క్రీ.పూ. మొదటి సహస్రాబ్దిలో నల్లసముద్రం నుంచి చైనాలోని షిన్‌జియాంగ్ దాకా వ్యాపించినది శకుల విల్లు. పొట్టిగా, పిడి దగ్గర లోపలికి నొక్కుకుని, రెండు బద్దలూ ఉబ్బి, కొనలు ముందుకు మళ్లి ఉంటుంది. తుర్ఫాన్ దగ్గరి యాంగ్‌హాయ్ శ్మశానంలోని పొడి ఇసుక అలాంటి విళ్లను ఇంచుమించు చెక్కుచెదరకుండా దాచిపెట్టింది. క్రిమియాలో కెర్చ్ దగ్గరి కుల్-ఓబా సమాధి దిబ్బలో 1830లో దొరికిన చిన్న పాత్ర మీద ఒక శకుడు విల్లు ఎక్కుపెడుతున్న దృశ్యం ఉంది. ఒక కొనను కాళ్ల మధ్య నుంచి పోనిచ్చి, బద్దను తొడకు ఆనించి వంచి, రెండో కొనకు నారి తగిలిస్తున్నాడు. నేటికీ కొమ్ము విల్లు వాడేవారిలో చాలామంది చేసేది దాదాపు ఇదే. చేతుల బలం ఒక్కటే చాలదు, తొడ ఆసరా ఉండాలి.

శకుల వింటిలో కొనల దాకా వంపు సాగుతుంది. క్రీస్తుశకం ఆరంభానికి అటూ ఇటూ మధ్యాసియాలో దీనికి భిన్నమైన ఆకారం బలపడింది. మంగోలియాలోని షియోంగ్ను అనే సంచార జాతి సమాధులలోనూ, తరువాత ఐరోపాలోని హూణుల సమాధులలోనూ ఎముక లేదా కొమ్ము పలకలు దొరుకుతాయి. పూర్తి జతలో సాధారణంగా ఏడు ఉంటాయి, కొనకు రెండేసి చొప్పున నాలుగు, పిడికి మూడు. అంటే కొనలను వంగనివ్వకుండా పలకలతో బిగించేశారు. వంపు అంతా నడిమి బద్దలకే పరిమితమైంది.

వంగని భాగాన్ని వింటికి తగిలించడం వల్ల వచ్చే లాభమేమిటి? గట్టి కొన మీటలా పనిచేస్తుంది. నారిని బాగా వెనక్కు లాగాక ఆ మీట విప్పుకుని, చివరి అంగుళాలలో లాగడం తేలికవుతుంది. మొదట్లో గట్టిగా, చివర్లో మెత్తగా అనిపించే ఈ గుణం విలువ లెక్కలో కనిపిస్తుంది. రెండు విళ్లు ఉన్నాయనుకుందాం. రెండింటినీ అర మీటరు లాగితే చివరకు చేతిలో తెలిసే బరువు 25 కిలోలు, అంటే సుమారు 245 న్యూటన్లు. మొదటి వింటిలో బరువు సున్నా నుంచి ఒకే తీరున పెరిగితే నిల్వ అయ్యే శక్తి 245లో సగాన్ని 0.5తో గుణించినంత, అంటే సుమారు 61 జౌళ్లు. రెండోది మొదట్లోనే గట్టిగా నిలబడి సగటున 0.6 వంతు బరువు చూపిస్తే 73 జౌళ్లు అవుతుంది. విలుకాడి చేయి చివరి క్షణంలో మోసేది అదే 25 కిలోలు, వింటిలో దాగిన శక్తి మాత్రం ఐదో వంతు ఎక్కువ.

దీనికి చెల్లించే మూల్యమూ ఉంది. నారి వదలగానే బాణంతో పాటు ఆ బరువైన కొనలు కూడా ముందుకు దూకాలి. వాటిని కదిలించడానికి ఖర్చయిన శక్తి బాణానికి అందదు. ఎంత పొడవు, ఎంత బరువు కొన పెట్టాలన్న ఈ బేరసారమే తరువాతి పదిహేను వందల ఏళ్ల వింటి చరిత్రలో సింహభాగం.

## ‘మంగోల్ విల్లు’ పేరుతో జరిగిన తారుమారు

నేడు మంగోలియాలో నాదమ్ ఉత్సవంలో వాడేది పెద్ద కొనలతో, నారి ఆనడానికి కొన మొదట చిన్న దిమ్మెలతో ఉండే విల్లు. మార్కెట్లో మంగోల్ విల్లు అని దొరికేది కూడా తరచుగా ఇదే. చెంగిజ్‌ఖాన్ సైనికులు పట్టింది మాత్రం ఇది కాదు. ఇది చైనాకు ఈశాన్యాన ఉన్న మంచూ జాతివారి ఆకారం. వారు 1644లో బీజింగును చేజిక్కించుకుని ఛింగ్ సామ్రాజ్యం స్థాపించాక, వారి వింటి తీరు చైనాతో పాటు మంగోలియా, టిబెట్లకు కూడా పాకింది. 13వ శతాబ్దపు మంగోల్ విల్లుకు కొనలు దీని కంటే పొట్టివి, మొత్తం పరిమాణమూ చిన్నది.

మంగోల్ విల్లు అరకిలోమీటరు దూరంలోని శత్రువును కొట్టేదన్న మాటకు మూలం ఒక శిలాశాసనం. 1220లలో చెక్కిన ఆ రాయిలో చెంగిజ్‌ఖాన్ తమ్ముడి కొడుకు యెసుంగె 335 ఆల్దుల దూరం బాణం వేశాడని ఉంది. ఆల్దు అంటే చాచిన రెండు చేతుల వెడల్పు, కనుక అది 500 మీటర్లు దాటుతుంది. అయితే అది విందు సభలో జరిగిన దూరపు పందెం. ఒక రాజబంధువు వేసిన ఒక్క బాణాన్ని రాతిపై చెక్కారంటే, అది రోజూ జరిగే పని కాదనే అర్థం. యుద్ధంలో గురి తప్పకుండా, కవచాన్ని ఛేదించేలా వేసే దూరం దీనిలో చిన్న భాగమే.

మంచూలూ తురుష్కులూ ఒకే పదార్థాలతో ఎదురెదురు దారుల్లో నడిచారు. మంచూ విల్లు ఎక్కుపెట్టినప్పుడు దాదాపు మనిషెత్తు ఉంటుంది. దాని బాణం ఇంచుమించు మీటరు పొడవు, మంచి బరువు. ఆటోమన్ తురుష్కుల విల్లు చిన్నది, కొనలు తేలిక, నారి దిమ్మెలు లేవు. ఇస్తాంబుల్‌ను 1453లో గెలిచాక రెండో మెహ్మద్ ఏర్పాటు చేసిన ఓక్‌మైదాన్‌లో దూరం వేసే పోటీలు శతాబ్దాలపాటు సాగాయి. రికార్డు దూరాలకు రాళ్లు పాతేవారు. 16వ శతాబ్దపు విలుకాడు తొజ్‌కోపరాన్ ఇస్కెందర్ పేరిట చెప్పే దూరం 1281.5 గజ్, నేటి లెక్కలో సుమారు 845 మీటర్లు. అది ప్రత్యేకంగా చేసిన సన్నని, తేలిక బాణం.

ఏది మేలైనదన్న వాదన ఇక్కడే దారి తప్పుతుంది. ఒకే 50 జౌళ్ల శక్తిని 25 గ్రాముల బాణానికీ, 100 గ్రాముల బాణానికీ ఇచ్చామనుకుందాం. మొదటిది సెకనుకు సుమారు 63 మీటర్ల వేగంతో, రెండోది సుమారు 32 మీటర్లతో బయలుదేరుతుంది. గాలి అడ్డు లేదనుకుంటే మొదటిది నాలుగు రెట్లు దూరం పోతుంది. తగిలినప్పుడు రెండోదాని ఊపు, అంటే ద్రవ్యవేగం, రెట్టింపు ఉంటుంది. పైగా బరువైన కొనల విల్లు తేలిక బాణానికి ఆ 50 జౌళ్లు ఇవ్వనే ఇవ్వదు, కొనలే చాలా మింగేస్తాయి. బరువు బాణమైతే మెల్లగా కదులుతూ వింటిలోని శక్తిని దాదాపుగా పిండుకుంటుంది. వేట మృగాన్నో, కవచధారినో దగ్గర నుంచి పడగొట్టాలనుకున్న మంచూకూ, దూరాన్ని కీర్తిగా లెక్కించిన ఇస్తాంబుల్ విలుకాడికీ ఒకే విల్లు సరిపోదు.

## గుర్రం కోసమే పొట్టిగా చేశారా?

గుర్రం మీద అటూ ఇటూ తిప్పడానికి అనువుగా విల్లును పొట్టి చేశారన్నది పాఠ్యపుస్తకాలలోని వివరణ. అందులో నిజం ఉంది గానీ అదే మొత్తం కారణం అనలేం. రెండు మీటర్లు దాటిన యుమిని జపాన్ సమురాయ్‌లు గుర్రం మీద నుంచే వేశారు, పిడిని నడుమ కాకుండా కింది నుంచి మూడో వంతు దగ్గర పెట్టుకున్నారు. మంచూల పెద్ద విల్లు కూడా ఆశ్వికులదే. స్టెప్పీలో మంచి పొడవాటి కర్ర దొరకక ముక్కలతో చేసుకున్నారన్న మరో వాదం అడవులు పుష్కలంగా ఉన్న కొరియా విషయంలో నిలవదు. పొట్టి బద్ద తేలిక కనుక నారి వదలగానే వేగంగా ముందుకొస్తుంది, ఆ వేగం కాలినడక విలుకాడికీ పనికొస్తుంది. ఈ మూడు కారణాలూ ఒక్కోచోట ఒక్కో పాళ్లలో పనిచేశాయని భావించడమే ఉన్న ఆధారాలకు దగ్గరగా ఉంటుంది.

## శార్ఙ్గం, సింగాణి, వానాకాలం

మన దేశానికి వస్తే, పాత గ్రీకు రచనలు భారతీయుల చేతిలో చూసింది వేరే విల్లును. హెరొడోటస్ వారి విళ్లు వెదురు జాతి గడతో చేసినవన్నాడు. అలెగ్జాండరు దండయాత్రకు సంబంధించిన వివరణలో విల్లు మనిషెత్తు ఉంటుందనీ, ఒక కొనను నేల మీద ఆనించి ఎడమ కాలితో అదిమి లాగుతారనీ ఉంది. క్రీ.పూ. 326లో జీలం ఒడ్డున జరిగిన యుద్ధంలో వాన వల్ల నేల జారిపోయి పురుషోత్తముడి విలుకాండ్రకు కొన ఆనించే వీలు చిక్కలేదని రోమన్ రచయిత కర్టియస్ రాశాడు.

కొమ్ము విల్లు మనకు తెలియదని దీని అర్థం కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రం తాటి, వెదురు, కర్ర, కొమ్ము అనే నాలుగు రకాల విళ్లను చెబుతూ చివరిదాన్ని శార్ఙ్గం అంటుంది. శృంగం అంటే కొమ్ము, దానితో చేసినది శార్ఙ్గం. విష్ణువును శార్ఙ్గపాణి అని పిలిచిన ప్రతిసారీ మనం ఆయన చేతిలో ఉన్నది కొమ్ము విల్లని చెబుతున్నామన్నమాట. తెలుగులో వింటికున్న సింగాణి అనే పాత పేరు కూడా ఆ శృంగం నుంచి దిగివచ్చిందే. అయితే అర్థశాస్త్రంలోని శార్ఙ్గం పైన వివరించిన కూర్పు విల్లేనా అన్న విషయంలో ఏకాభిప్రాయం లేదు. కొమ్ము పేరుండటమే చాలునని కొందరు, రెండు కొమ్ములను పిడి దగ్గర కలిపినా శార్ఙ్గమే అవుతుందని మరికొందరు అంటారు. ఆ గ్రంథం స్నాయువును నారి చేసే పదార్థాల జాబితాలో చేర్చిందే తప్ప, వింటి వీపు మీద పరిచే పదార్థంగా చెప్పలేదు. ఈ ఒక్క సంగతి నన్ను రెండో పక్షం వైపు కొంత మొగ్గేలా చేస్తుంది.

ఏకలవ్యుడి బొటనవేలి కథను కూడా ఈ చర్చలోకి తెస్తుంటారు. మధ్య, తూర్పు ఆసియా విలుకాండ్రు నారిని బొటనవేలితో పట్టి లాగేవారు, వేలికి ఉంగరం తొడిగేవారు. చైనాలో క్రీ.పూ. 1200 నాటి ఫు హావ్ అనే రాణి సమాధిలోనే అలాంటి ఉంగరం దొరికింది. హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియంలో హిజ్రీ 1040, అంటే సుమారు క్రీ.శ. 1630 నాటి, షాజహాన్ బిరుదు చెక్కిన జేడ్ రాతి ఉంగరం ఒకటి ఉంది. బొటనవేలు లేకపోతే ఈ పద్ధతి అసాధ్యం. అయితే బాణం తోకను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య చిటికెడులా పట్టి లాగే అతి మామూలు పద్ధతికి కూడా ఆ వేలు కావాలి. కాబట్టి ఆ కథ నుంచి వింటి రకాన్ని తేల్చడం కుదరదు.

దక్కనులో ఈ వింటి ప్రభావం గురించి పారశీకంలో రాసిన చరిత్రకారుడు ఫెరిష్తా ఒక ఉదంతం చెబుతాడు. 15వ శతాబ్దపు విజయనగర రాజు రెండో దేవరాయలు, బహమనీల చేతిలో తరచూ ఎందుకు ఓడిపోతున్నామని సభలో అడిగితే, వారి గుర్రాలు మేలైనవి, వారి దగ్గర గొప్ప విలుకాండ్ర దండు ఉంది అన్న రెండు కారణాలు చెప్పారట. రాయలు ముస్లిం విలుకాండ్రను కొలువులో చేర్చుకుని, తనవారికి ఆ విద్య నేర్పించాడట. ఫెరిష్తా ఇది రాసేసరికి దాదాపు రెండు శతాబ్దాలు గడిచాయి కనుక వివరాలను యథాతథంగా తీసుకోనక్కరలేదు. అయినా ఆ సలహాలోని క్రమం గమనించదగ్గది. ముందు గుర్రం, తరువాత విల్లు పట్టే మనిషి. క్రీ.పూ. 53లో కర్రే పట్టణం దగ్గర రోమన్లను నాశనం చేసిన ఇరాన్ ప్రాంతపు పార్థియన్ల వెనుక కూడా కూర్పు విల్లుతో పాటు బాణాల మూటలు మోసే ఒంటెల బారు ఉంది. వింటి రూపమొక్కటే యుద్ధాలు గెలిపించిందనేవారు ఆ ఒంటెలను మరచిపోతారు.

మొఘలుల కాలంలో ఇక్కడ వాడినది వెడల్పాటి బద్దలతో, ఎక్కుడించినప్పుడు పీత కాళ్లలా ముందుకు ముడుచుకునే విల్లు. దాని మీద బంగారు రంగులతో పూలూ లతలూ చిత్రించి పైన వార్నిష్ పూత వేసేవారు. ఆ పూత అందానికే కాదు, తేమను ఆపడానికి కూడా. విళ్లు చేసి, చిత్రించిన కమాన్‌గర్ల వృత్తి తరువాత ఇతర దారులు పట్టింది, కచ్‌లోని కమాన్‌గరీ గోడచిత్రాలకు ఆ పేరు అలాగే వచ్చింది.

ఎంత పూత పూసినా మన వానాకాలం జిగురుకు శత్రువే. దీనికి ఇక్కడి కమ్మరులు కనుక్కున్న జవాబు ఉక్కు విల్లు. ఆకారం అచ్చంగా కొమ్ము విల్లుదే, ఒంటి నిండా బంగారు నగిషీ, పదార్థం మాత్రం ఉక్కు. స్ప్రింగుగా చూస్తే ఉక్కు ఎంతో బరువు, కిలోకు అది దాచుకోగల శక్తి మంచి కర్ర కంటే కూడా చాలా తక్కువ. కాబట్టి బాణం వేగం తగ్గుతుంది. అయితే ఏళ్ల తరబడి ఎక్కుపెట్టి ఆయుధశాలలో వేలాడదీసినా చెడదు, వానకు అతుకు ఊడదు. కోట గోడ మీద కాపలాకు ఆ గుణమే ముఖ్యం. దీన్ని వింటి విద్య దిగజారుడుకు గుర్తుగా కొందరు రాశారు గానీ, మన వాతావరణాన్ని ఎరిగి చేసుకున్న సర్దుబాటు అనడమే న్యాయం.

## తుపాకీ తరువాత

తుపాకీ వచ్చిన వెంటనే విల్లు పోలేదు. ఛింగ్ ప్రభుత్వం తన సైనిక పరీక్షలలో గట్టి విల్లు లాగడాన్ని ఆ పరీక్షలు రద్దయిన 1901 దాకా కొనసాగించింది. ఆటోమన్ సుల్తాన్ రెండో మహ్మూద్ కాలంలో ముస్తఫా కానీ తురుష్క విలువిద్యపై రాసిన గ్రంథం 1836 నాటిది, అంటే యుద్ధరంగంలో విల్లు పని ముగిశాక. తయారీ గురించి నేడు మనకు తెలిసినదానిలో చాలా భాగం అలాంటి ఆలస్యపు రచనల నుంచే వచ్చింది. తురుష్క సంప్రదాయ విలువిద్యను 2019లో యునెస్కో తన సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది.

తయారీ పరంపర తెగకుండా నిలిచిన చోట్లలో కొరియా ముందుంటుంది. అక్కడ లక్ష్యం దూరం 145 మీటర్లు. ఇప్పుడు చాలామంది ఫైబర్‌గ్లాస్ విల్లుతో ఆడతారు, దానికి పోషణ అక్కరలేదు. కొమ్ము విల్లు ఉన్నవారు మాత్రం దానిని కొద్దిపాటి వేడి నిలిచే పెట్టెలో భద్రపరుస్తారు. ఆటకు ముందు బయటకు తీసి, బద్దలకు నిప్పు సెగ చూపి, వంపు ఒకవైపు ఎక్కువైతే చేత్తో అదిమి సరిచేసి, అప్పుడు ఎక్కుపెడతారు. ఆట ముగిశాక ఎక్కుడిస్తారు, విల్లు మళ్లీ ముందుకు చుట్టుకుంటుంది.